భూపాలపల్లికి డౌన్‌లోడ్ వస్తోంది, అప్‌లోడ్ పోవట్లేదు. పరకాల మొత్తానికే బంద్. ఎంపీఎల్ఎస్ తెలిసినవాళ్లు చూడండి

సుబేదారి_నైట్‌షిఫ్ట్
మొన్న రాత్రి పిడుగుల వాన పడ్డప్పటి నుంచి రెండు బ్రాంచ్‌లు నన్ను నిద్రపోనివ్వడం లేదు. మాది చిన్న ఎంపీఎల్ఎస్ నెట్‌వర్క్, అంటే ప్యాకెట్‌కు లేబుల్ అనే నంబరు తగిలించి, దాన్ని చూసి రౌటర్లు ముందుకు పంపే పద్ధతి. హనుమకొండలో ఒక పీఈ రౌటర్ (కస్టమర్ వైపు అంచున ఉండేది), గూడెప్పాడ్‌లో పీ రౌటర్ (మధ్యలో దాటించేది), అక్కడి నుంచి పరకాలకు ఒక పీఈ, భూపాలపల్లికి ఒక పీఈ. అన్నీ సిస్కోవే. కింద రౌటర్లు దారులు చెప్పుకునే ఓఎస్‌పీఎఫ్, దాని మీద లేబుళ్లు ఇచ్చిపుచ్చుకునే ఎల్‌డీపీ, పీఈల మధ్య కస్టమర్ రూట్లు మోసే బీజీపీ. కస్టమర్ ఒక సహకార సంఘం, వాళ్లకో వీఆర్ఎఫ్, అంటే వాళ్ల రూట్లకు విడిగా ఒక టేబుల్. సర్వర్ హనుమకొండలో ఉంటుంది.

భూపాలపల్లి సంగతి: పింగ్ పోతుంది, సాఫ్ట్‌వేర్ తెరుచుకుంటుంది, రిపోర్టులు డౌన్‌లోడ్ అవుతాయి. పాస్‌బుక్ స్కాన్ చేసి అప్‌లోడ్ కొడితే మాత్రం కాసేపు తిరిగి ఆగిపోతుంది.

పరకాల సంగతి: బ్రాంచ్ నుంచి సర్వర్‌కు పింగే లేదు. కానీ హనుమకొండ పీఈ నుంచి పరకాల పీఈ లూప్‌బ్యాక్ (రౌటర్ లోపలే ఉండే అడ్రస్) 10.255.0.3కి పింగ్ చక్కగా వస్తోంది. ఓఎస్‌పీఎఫ్ ఫుల్, బీజీపీ అప్, వీఆర్ఎఫ్ రూట్లు కూడా కనబడుతున్నాయి.

కాన్ఫిగరేషన్‌లో ఎవరూ ఒక్క లైను ముట్టలేదు. పంట రుణాల టైం, రైతులు పొద్దున్నే వచ్చి బ్రాంచ్ ముందు కూర్చుంటున్నారు. చాలా టెన్షన్‌గా ఉంది. ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పండి.

మానుకోట_మోడెమ్
అన్నీ ఒకసారి రీలోడ్ కొట్టు. నాకు చాలాసార్లు దాంతోనే సెట్ అయింది.

ఖని_ఫైబర్
రీలోడ్ వద్దు తమ్మీ. ఇప్పుడున్న స్థితి చెరిగిపోతే కారణం దొరకదు, మళ్లీ వానకు మళ్లీ ఇదే కథ.

భూపాలపల్లిది ఎంటీయూ, అంటే దారిలో పట్టే ప్యాకెట్ సైజు, గొడవ అనిపిస్తోంది. పింగ్ చిన్న ప్యాకెట్, పోతుంది. స్కాన్ ఫైల్ అంటే నిండా 1500 బైట్ల ప్యాకెట్లు, లేబుల్ ఎక్కాక దారిలో ఎక్కడో పట్టడం లేదు.

జగిత్యాల_టవర్
ఎంటీయూ అయితే డౌన్‌లోడ్ కూడా ఆగాలి కదా అన్నా? రిపోర్టు డౌన్‌లోడ్ అయినా అవే 1500 బైట్ల ప్యాకెట్లు. ఒకవైపే ఆగిందంటే ఫైర్‌వాలో, అప్‌లోడ్ మీద పెట్టిన పోలీసింగో (స్పీడు హద్దు) చూడాలి.

ఖని_ఫైబర్
@జగిత్యాల_టవర్ పోలీసింగ్ అయితే నెమ్మదిగానైనా పోవాలి. ఇక్కడ పూర్తిగా ఆగిపోతోంది అంటున్నాడు. కానీ ఒకవైపే ఎందుకు ఆగుతోందో నాకూ అర్థం కాలేదు, నీ ప్రశ్న సరైనదే.

లూప్‌బ్యాక్_అక్క
ముందు రెండు బ్రాంచ్‌లనూ విడదీయండి. ఒకే రాత్రి చెడ్డాయి కాబట్టి ఒకటే జబ్బు అనుకుంటే రెండూ దొరకవు. పరకాల తర్వాత చూద్దాం.

భూపాలపల్లికి మూడు విషయాలు కావాలి. బ్రాంచ్‌లోని విండోస్ కంప్యూటర్ నుంచి సర్వర్‌కు డీఎఫ్ బిట్ (ప్యాకెట్‌ను ముక్కలు చేయొద్దనే గుర్తు) పెట్టి పింగ్ సైజు పెంచుకుంటూ పో, ఏ సైజు దగ్గర ఆగుతుందో ఒక్క బైటు తేడా లేకుండా చెప్పు. రెండోది, రౌటర్ ఇంటర్‌ఫేస్‌ల మీద ఎంపీఎల్ఎస్ ఎంటీయూ ఎంత పెట్టారు? మూడోది, గూడెప్పాడ్ నుంచి భూపాలపల్లి దాకా మధ్యలో ఏయే డబ్బాలున్నాయి? స్విచ్‌లు, మీడియా కన్వర్టర్లు అన్నీ. డ్రాయింగ్ చూసి కాదు, మనిషిని అడిగి చెప్పు.

సుబేదారి_నైట్‌షిఫ్ట్
అక్కా, చేశాను. 1468 పోతుంది, 1469 పోదు. పది సార్లు చూశాను. రౌటర్లన్నిటి మీదా ఎంపీఎల్ఎస్ ఎంటీయూ 1508 ముందు నుంచే ఉంది. ఇంకో మాట, హనుమకొండ పీఈ నుంచి భూపాలపల్లి పీఈ లూప్‌బ్యాక్‌కు డీఎఫ్ పెట్టి 1500 సైజుతో కొడితే నూటికి నూరు వస్తోంది. అందుకే ఎంటీయూ కాదేమో అనుకున్నా.

మధ్యలో రేగొండ దగ్గర ఒక స్విచ్ ఉంది. @పరకాల_కేబుల్ అన్నా, ఆ క్యాబినెట్ మీరే చూస్తారు కదా?

పరకాల_కేబుల్
నేనే. ఆ రాత్రి పిడుగుకు రేగొండ స్విచ్ కాలిపోయింది. పొద్దున ఐదింటికి పోయి, ఆఫీసులో ఉన్న ఎనిమిది పోర్టుల చిన్న స్విచ్ పెట్టి లింక్ లేపినం. లైట్లు వెలిగినయ్, పింగ్ వచ్చింది, ఇంటికొచ్చినం. తర్వాత ఎవరూ ఫోన్ చేయలేదు కాబట్టి బాగానే ఉందనుకున్న.

పరకాల రౌటర్ కూడా ఆ రాత్రి కరెంటు పోయి ఆగిపోయింది. బ్యాటరీ రెండు గంటలే నిలబడ్డది.

లూప్‌బ్యాక్_అక్క
@పరకాల_కేబుల్ మీరు చేసింది తప్పేమీ కాదు అన్నా. తెల్లవారేసరికి లింక్ లేపకపోతే మొత్తానికే బంద్ అయ్యేది. కానీ జవాబు ఆ చిన్న స్విచ్‌లోనే ఉంది. లెక్క చెబుతాను, ఓపికగా చదవండి.

విండోస్ పింగ్‌లో ఇచ్చే సైజుకు ఐపీ, ఐసీఎంపీ (పింగ్ వాడే ప్రోటోకాల్) హెడర్లు 28 బైట్లు కలపాలి. 1468కి 28 కలిపితే 1496. అంటే ఈ దారిలో పట్టే పెద్ద ఐపీ ప్యాకెట్ 1496 బైట్లు.

ఒక్కో లేబుల్ 4 బైట్లు. వీపీఎన్ ప్యాకెట్‌కు, అంటే కస్టమర్ వీఆర్ఎఫ్‌లో పోయేదానికి, రెండు ఉంటాయి: పైది పీఈ దాకా తీసుకెళ్లేది, కిందిది ఏ వీఆర్ఎఫ్‌కు చెందిందో చెప్పేది. వాటి కింద 1500 ప్యాకెట్ ఉంటే 1508. దానికి ఈథర్‌నెట్ హెడర్ 14, చివరి చెక్‌సమ్ 4 కలిపితే వైరు మీద పోయే ఫ్రేమ్ 1526. ఒకే లేబుల్ అయితే 1522.

చిన్న స్విచ్‌లు చాలావరకు 1522 బైట్ల ఫ్రేమ్ దాకా తీసుకుంటాయి. వీలాన్ ట్యాగ్ (ఫ్రేమ్ ఏ విడి నెట్‌వర్క్‌దో చెప్పే గుర్తు) ఉన్న ఫ్రేమ్ కోసం ఆ నాలుగు బైట్లు ఎక్కువ ఇస్తారు. 1526 వస్తే చప్పుడు లేకుండా పారేస్తాయి.

ఇప్పుడు @జగిత్యాల_టవర్ ప్రశ్న. హనుమకొండ నుంచి వచ్చే ప్యాకెట్ గూడెప్పాడ్ పీ రౌటర్ దగ్గరకు రెండు లేబుళ్లతో వస్తుంది. భూపాలపల్లి పీఈకి ముందు రౌటర్ అదే కాబట్టి పై లేబుల్ అక్కడే తీసేస్తుంది. రేగొండ స్విచ్ మీదుగా ఒక్క లేబుల్‌తో, 1522 బైట్లతో దాటుతుంది. అందుకే డౌన్‌లోడ్ వస్తోంది. అటు నుంచి వచ్చే అప్‌లోడ్‌కు రేగొండ మొదటి మజిలీ. అక్కడ రెండు లేబుళ్లూ ఉంటాయి, 1526. స్విచ్ పారేసింది.

పీఈ నుంచి పీఈకి 1500 పింగ్ ఎందుకు వచ్చిందో కూడా ఇందులోనే ఉంది. అది వీఆర్ఎఫ్‌లో పోయేది కాదు, కింది లేబుల్ ఉండదు. ఎక్కువలో ఎక్కువ ఒక్క లేబుల్. అది పట్టింది.

జగిత్యాల_టవర్
ఒప్పుకున్నా అక్కా. ఇన్నేళ్లు ఎంటీయూ అంటే రెండువైపులా ఆగాలనే అనుకున్నా. మా దగ్గర కూడా ఒకసారి ఇలాంటిదే అయింది. కోరుట్ల వైపు ఒక పాత వైర్‌లెస్ లింక్‌కు అంత పెద్ద ఫ్రేమ్ పట్టలేదు. మూడు రోజులు తిరిగాక గానీ దొరకలేదు.

సుబేదారి_నైట్‌షిఫ్ట్
అక్కా, నిజంగా దండం. కానీ ఒక సందేహం. ప్యాకెట్ పెద్దదైతే "చిన్నగా పంపు" అని ఐసీఎంపీ మెసేజ్ రావాలి కదా, కంప్యూటర్ దానంతట అదే తగ్గించుకోవాలి కదా?

లూప్‌బ్యాక్_అక్క
ఆ మెసేజ్ రౌటర్ పంపాలి. నీ రౌటర్‌కు 1508 దాకా పర్వాలేదని నువ్వే చెప్పావు, కాబట్టి అది నిశ్చింతగా పంపేసింది. పారేసింది స్విచ్. స్విచ్‌కు ఐపీ అంటే ఏమిటో తెలియదు, ఎవరికీ చెప్పలేదు. అందుకే ఈ రకం తప్పు ఏ లాగ్‌లోనూ కనబడదు.

కేయూ_క్యాంపస్
నేను చదువుకుంటున్నాను, మధ్యలో అడుగుతున్నందుకు ఏమనుకోవద్దు. పై లేబుల్ ముందు రౌటరే ఎందుకు తీసేయాలి? చివరిదాకా ఉంచితే రెండువైపులా ఒకేలా ఉండేది కదా?

కాజీపేట_జంక్షన్
మంచి ప్రశ్న బిడ్డా. చివరి పీఈ దగ్గరకు రెండు లేబుళ్లతో వస్తే అది ముందు పై లేబుల్ వెతకాలి, "ఇది నాకే" అని తెలుసుకోవాలి, తీసేసి మళ్లీ కింది లేబుల్ వెతకాలి. ఒకే ప్యాకెట్‌కు రెండుసార్లు వెతుకులాట. అందుకని ఆ పీఈ తన పక్క రౌటర్‌కు ముందే చెబుతుంది: నా లూప్‌బ్యాక్‌కు వచ్చేవాటికి పై లేబుల్ నువ్వే తీసేసి పంపు అని. చెప్పే పద్ధతి లేబుల్ 3. దాన్ని ఇంప్లిసిట్ నల్ అంటారు. ఆ నంబరు వైరు మీద ఎప్పుడూ కనబడదు, రౌటర్లు మాట్లాడుకోవడానికే.

పార్సిల్ ఆఫీసులో మూట మీద రెండు చీటీలు ఉన్నాయనుకో, ఒకటి ఏ స్టేషనో, ఇంకోటి ఏ దుకాణమో. స్టేషన్‌లో దింపాక స్టేషన్ చీటీతో పనిలేదు, దుకాణం చీటీ చూస్తే చాలు.

చివరిదాకా ఉంచాలంటే ఎక్స్‌ప్లిసిట్ నల్ అని ఉంది, లేబుల్ 0. 0 నుంచి 15 దాకా నంబర్లు ఇలాంటి పనులకే పక్కన పెట్టారు. లేబుల్‌లో 20 బిట్లు నంబరుకు, 3 బిట్లు ప్రాధాన్యతకు, 1 బిట్ "ఇదే ఆఖరి లేబుల్" అని చెప్పడానికి, 8 బిట్లు టీటీఎల్‌కు, అంటే ఇంకా ఎన్ని రౌటర్లు దాటవచ్చో చెప్పే లెక్కకు. ప్రాధాన్యత బిట్లు పీఈ దాకా చేరాలి అనుకున్నప్పుడు ఎక్స్‌ప్లిసిట్ నల్ వాడతారు.

కేయూ_క్యాంపస్
ఇంత బాగా క్లాసులో కూడా అర్థం కాలేదు సార్. థాంక్స్.

మానుకోట_మోడెమ్
ఇప్పుడు స్విచ్ దొరికేదాకా ఏం చేస్తాడు? భూపాలపల్లి పీఈలో కస్టమర్ వైపు ఇంటర్‌ఫేస్ మీద టీసీపీ ఎంఎస్ఎస్ (ఒక్కో ప్యాకెట్‌లో నింపే డేటా హద్దు) 1400కి తగ్గిస్తే ఇప్పుడే పని నడుస్తుంది.

జగిత్యాల_టవర్
నడుస్తుంది, కానీ దాన్ని అక్కడే వదిలేస్తారు. రేపు ఎవరో యూడీపీ మీద వీడియో కాల్ పెట్టగానే మళ్లీ మొదలు. ఎంఎస్ఎస్ టీసీపీకి మాత్రమే.

లూప్‌బ్యాక్_అక్క
ఇద్దరి మాటా సరే. రైతులు బయట కూర్చున్నారు, ఇప్పుడే పెట్టు. ఇంటర్‌ఫేస్ డిస్క్రిప్షన్‌లో "రేగొండ స్విచ్ మార్చాక తీసేయాలి" అని రాసి పెట్టు.

సుబేదారి_నైట్‌షిఫ్ట్
పెట్టాను. పది నిమిషాల్లో భూపాలపల్లి మేనేజర్ ఫోన్ చేసి అప్‌లోడ్ అవుతోందని చెప్పారు. జంబో ఫ్రేమ్ (మామూలు కంటే పెద్ద ఫ్రేమ్) తీసుకునే మేనేజ్డ్ స్విచ్ ఒకటి స్టోర్‌లో ఉంది, రేపు అన్నతో పంపిస్తాను.

ఇక పరకాల.

ఖని_ఫైబర్
పరకాల పీఈ లూప్‌బ్యాక్ మాస్క్ 32 ఉందా, అంటే ఒకే ఒక్క అడ్రస్‌గా? మా దగ్గర ఒకతను లూప్‌బ్యాక్‌కు 24 మాస్క్ ఇచ్చాడు. ఓఎస్‌పీఎఫ్ మాత్రం లూప్‌బ్యాక్‌ను 32గానే ప్రకటిస్తుంది. ఎల్‌డీపీ తనకు కనిపించే 24కు లేబుల్ ఇచ్చింది. రెండూ కలవక దారి తెగింది. పింగ్ మాత్రం సుబ్బరంగా వచ్చేది.

సుబేదారి_నైట్‌షిఫ్ట్
32 ఉంది అన్నా. ఇప్పుడే చూశాను.

మానుకోట_మోడెమ్
ఇంటర్‌ఫేస్ మీద వీఆర్ఎఫ్ మళ్లీ ఎవరైనా కొట్టారా? ఆ లైను కొట్టగానే ఇంటర్‌ఫేస్ మీదున్న ఐపీ అడ్రస్ ఎగిరిపోతుంది. తొర్రూరులో ఒకసారి అలా అయింది, రూటే మాయం.

సుబేదారి_నైట్‌షిఫ్ట్
లేదు, ఐపీ ఉంది. హనుమకొండ పీఈలో పరకాల బ్రాంచ్ రూట్ కూడా ఉంది, నెక్స్ట్ హాప్ 10.255.0.3.

లూప్‌బ్యాక్_అక్క
రూట్ ఉంది, పింగ్ ఉంది, ప్యాకెట్ లేదు. అంటే లేబుల్ దారి తెగింది. మామూలు పింగ్‌ను ఇక్కడ నమ్మొద్దు. లేబుల్ లేకపోయినా ఐపీ రూటింగ్ దాన్ని చేర్చేస్తుంది. వీపీఎన్ ప్యాకెట్‌కు ఆ వెసులుబాటు లేదు, మధ్య రౌటర్‌కు కస్టమర్ అడ్రస్ తెలియదు.

హనుమకొండ పీఈలో "పింగ్ ఎంపీఎల్ఎస్ ఐపీవీ4 10.255.0.3/32" కొట్టు. అది గమ్యంగా 127తో మొదలయ్యే అడ్రస్ పెట్టుకుని పోతుంది, కాబట్టి లేబుల్ ఊడిన చోట ఐపీ దారి పట్టలేదు. 2006లో ఆర్‌ఎఫ్‌సీ 4379 అనే ప్రమాణ పత్రం దీని కోసమే వచ్చింది, 2017లో దాని స్థానంలో 8029 వచ్చింది. తర్వాత గూడెప్పాడ్ పీ రౌటర్‌లో ఫార్వార్డింగ్ టేబుల్‌లో 10.255.0.3 ఎదురుగా ఏముందో, "షో ఎంపీఎల్ఎస్ ఎల్‌డీపీ డిస్కవరీ"లో ఏముందో పెట్టు.

సుబేదారి_నైట్‌షిఫ్ట్
ఎంపీఎల్ఎస్ పింగ్ అన్నీ "బీ" అక్షరాలే వచ్చాయి. ఫార్వార్డింగ్ టేబుల్‌లో 10.255.0.3 ఎదురుగా "నో లేబుల్". భూపాలపల్లి లూప్‌బ్యాక్ ఎదురుగా మాత్రం "పాప్ లేబుల్" (పై లేబుల్ తీసేసి పంపు) ఉంది.

డిస్కవరీలో పరకాల వైపు ఇంటర్‌ఫేస్ కింద ఎల్‌డీపీ ఐడీ 192.168.200.1 అని ఉంది, పక్కన "నో రూట్" అని ఉంది. ఈ 192.168.200.1 ఎక్కడిదో నాకు తెలియదు.

కాజీపేట_జంక్షన్
"బీ" అంటే లేబుల్ లేని ఇంటర్‌ఫేస్ నుంచి బయటికి పోవాల్సి వస్తోందని. దొరికింది.

లూప్‌బ్యాక్_అక్క
పరకాల పీఈలో ఇంకో లూప్‌బ్యాక్ ఉందా?

సుబేదారి_నైట్‌షిఫ్ట్
ఉంది అక్కా. లూప్‌బ్యాక్ 10. రెండు నెలల కింద ఒక టెస్ట్ కోసం నేనే పెట్టాను, తీయడం మరిచిపోయాను. అప్పటి నుంచి మొన్నటి దాకా అంతా నడిచింది కాబట్టి దాని మీదికి ఆలోచనే పోలేదు.

లూప్‌బ్యాక్_అక్క
రౌటర్ ఐడీ చెప్పకపోతే ఎల్‌డీపీ లూప్‌బ్యాక్‌లలో పెద్ద అడ్రస్ ఏదో అది తీసుకుంటుంది. 10 కంటే 192 పెద్దది. కానీ నడుస్తున్న సెషన్ మధ్యలో ఐడీ మార్చదు. రెండు నెలలు పాత ఐడీతోనే నడిచింది. మొన్న కరెంటు పోయి రౌటర్ కొత్తగా లేచింది, 192.168.200.1 పట్టుకుంది.

హలోలు పక్కపక్క రౌటర్ల మధ్య మల్టీకాస్ట్‌లో, యూడీపీ 646 మీద పోతాయి. వాటికి రూట్ అక్కర్లేదు, అందుకే డిస్కవరీలో కనబడుతోంది. సెషన్ మాత్రం టీసీపీ 646 మీద ఆ ఐడీ అడ్రస్‌కే కట్టాలి. ఆ అడ్రస్ నీ ఓఎస్‌పీఎఫ్‌లో లేదు. సెషన్ లేదు, లేబుల్ లేదు. బీజీపీ లూప్‌బ్యాక్ 0 మీద ఉంది కాబట్టి అది కదల్లేదు, రూట్లు చూపిస్తూనే ఉంది.

పరకాల పీఈలో "ఎంపీఎల్ఎస్ ఎల్‌డీపీ రౌటర్ ఐడీ లూప్‌బ్యాక్0 ఫోర్స్". ఫోర్స్ అంటే సెషన్లు అక్కడికక్కడే పడి లేస్తాయి. మామూలుగా పగలు వద్దంటాను, కానీ ఇక్కడ పడటానికి సెషనే లేదు, కొట్టేయ్. లూప్‌బ్యాక్ 10 తీసేయ్. సేవ్ చేయ్.

మానుకోట_మోడెమ్
అన్నీ రీలోడ్ కొట్టమన్న మాట వెనక్కి తీసుకుంటున్నా. కొట్టి ఉంటే ఇలాంటి పాత లూప్‌బ్యాక్ ఉన్న ప్రతిచోటా ఇదే అయ్యేది.

సుబేదారి_నైట్‌షిఫ్ట్
కొట్టాను. కొద్ది సెకన్లలో నైబర్ వచ్చింది, 10.255.0.3. ఎంపీఎల్ఎస్ పింగ్‌లో అన్నీ ఆశ్చర్యార్థకాలు, అంటే అన్నీ చేరాయి. పరకాల బ్రాంచ్ నుంచి సర్వర్ తెరుచుకుంది. నా చేతులు ఇంకా వణుకుతున్నాయి.

ఖని_ఫైబర్
అక్కకు సర్వపిండి బాకీ ఉన్నావు.

సుబేదారి_నైట్‌షిఫ్ట్
హనుమకొండ వస్తే మా అమ్మ చేతి సర్వపిండి పెట్టిస్తాను, ఖాయం.

మంచిర్యాల_లింక్
ఆలస్యంగా చూశాను. పని అయింది కానీ ఒకటి చేర్చుకో: ఓఎస్‌పీఎఫ్ కింద ఎల్‌డీపీ సింక్. మా దగ్గర రోడ్డు వెడల్పు పనుల్లో జేసీబీ రోజుకోసారి ఫైబర్ తెంపేది. లింక్ తిరిగి లేచినప్పుడు ఓఎస్‌పీఎఫ్ ముందు లేచి ట్రాఫిక్‌ను ఆ దారికి తిప్పేది, ఎల్‌డీపీ ఇంకా లేబుళ్లు ఇచ్చుకుంటూ ఉండేది. ఆ కొద్దిసేపు వీపీఎన్‌లన్నీ గుడ్డి బావిలో పడ్డట్టే. సింక్ పెడితే ఎల్‌డీపీ సిద్ధమయ్యేదాకా ఓఎస్‌పీఎఫ్ ఆ లింక్‌కు పెద్ద మెట్రిక్ చెబుతుంది, వేరే దారి ఉంటే అటు పోతుంది.

కాజీపేట_జంక్షన్
ఆయనకు రెండో దారి లేదు కదా, గూడెప్పాడ్ ఒక్కటే. ఇప్పటికి పెద్ద ఉపయోగం ఉండదు. రెండో దారి వేసిన రోజు మాత్రం మరవద్దు.

సుబేదారి_నైట్‌షిఫ్ట్
మర్నాడు అప్‌డేట్. రేగొండలో కొత్త స్విచ్ పెట్టారు. ఎంఎస్ఎస్ లైను తీసేసి బ్రాంచ్ నుంచి 1472 సైజు పింగ్ కొట్టాను, డీఎఫ్‌తో వంద ప్యాకెట్లు, ఒక్కటీ మిస్ కాలేదు. అంటే నిండు 1500 పడుతోంది.

ఇంకో ప్రశ్న. ఇప్పుడు స్విచ్ జంబోది కాబట్టి రౌటర్ ఇంటర్‌ఫేస్ ఎంటీయూ కూడా 9000 చేసేస్తే ఇక ఎప్పటికీ ఈ గొడవ ఉండదు కదా?

ఖని_ఫైబర్
ఒక చివర మార్చి రెండో చివర మార్చేలోపు ఓఎస్‌పీఎఫ్ తెగి లేచిందా, ఎక్స్‌స్టార్ట్ అనే మొదటి దశల దగ్గరే ఇరుక్కుంటుంది. ఎంటీయూ కలవకపోతే డేటాబేస్ ఇచ్చిపుచ్చుకోరు. అప్పుడు ఎవరో వచ్చి ఎంటీయూ ఇగ్నోర్ (ఆ తేడా పట్టించుకోవద్దనే లైను) పెట్టమంటారు, అది జబ్బును దాచడమే.

లూప్‌బ్యాక్_అక్క
నీకు కావాల్సింది 1508, అది ఉంది. 9000 వద్దు. దాని బదులు మిగతా మూడు రౌటర్లలో కూడా రౌటర్ ఐడీ లైను ఉందో లేదో ఈ రాత్రే చూడు. లేని చోట పెట్టు, కానీ అక్కడ సెషన్లు నడుస్తున్నాయి, కాబట్టి రాత్రి పన్నెండు దాటాకే.

పరకాల_కేబుల్
నా దగ్గర ఇంకా రెండు చిన్న స్విచ్‌లు స్పేర్‌లో ఉన్నయ్. వాటిని ఏం చేయాలె?

లూప్‌బ్యాక్_అక్క
వాటి మీద మార్కర్‌తో "ఆఫీస్ కంప్యూటర్లకు మాత్రమే" అని రాయండి అన్నా. రేగొండ, గూడెప్పాడ్ క్యాబినెట్ల తలుపు లోపల "1530 ఫ్రేమ్ పట్టే స్విచ్ మాత్రమే" అని చీటీ అంటించండి. వీలాన్ ట్యాగ్‌కు ఇంకో నాలుగు బైట్లు కలిపి చెబుతున్నా.

పరకాల_కేబుల్
రేగొండకు రేపు ఎట్లాగూ పోతున్న, బ్యాటరీ మార్చాలె. అంటిస్త.